తమగోయాకి పొరలు విడిపోతున్నాయా? మంట తగ్గించకండి, పెనం ఎత్తండి

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. జపాన్ వాళ్లు పొరలు పొరలుగా చుట్టే ఆమ్లెట్, అదే తమగోయాకి, వీడియో చూసి ఇంట్లో చేశారు. కోస్తే పొరలు విడిపోయాయి, నమిలితే రబ్బరులా సాగింది, ప్లేట్లో నీళ్లు ఊరాయి, పైన మచ్చలు పడ్డాయి. దాషి, అంటే గుడ్డులో రుచికి కలిపే జపాన్ వాళ్ల తేట చారు, దొరక్క పాలు పోశారు. ఉన్నది గుండ్రటి నాన్‌స్టిక్ పెనమే కాబట్టి చదరపుది కొనాలా అన్నారు, పాప లంచ్ బాక్సులో పెట్టొచ్చా అని కూడా అడిగారు.

ఒసాకాలో చదువుకునేటప్పుడు ఒక ఇజకాయా వంటింట్లో సాయంత్రాలు పనిచేశాను. ఇజకాయా అంటే మందుతో పాటు చిన్న చిన్న వంటకాలు దొరికే హోటలు. అక్కడ ఈ ఆమ్లెట్ ఆర్డర్ రాని రోజు ఉండదు. ఇప్పుడు టోక్యోలో నిషి కసాయ్‌లో ఉంటున్నాం, మనవాళ్లు బాగా ఉండే పేట. ఇక్కడ పొద్దున్నే పిల్లల బాక్సుకి ఇదే చేస్తాను. అందుకని ఒసాకా పద్ధతి, టోక్యో పద్ధతి రెండూ చేతికి అలవాటే.

మీ పెనంలో తప్పు లేదు. పాలు పోయడం కూడా పెద్ద నేరమేం కాదు. అసలు సంగతి మీరు మధ్యలో రాసిన వాక్యంలో ఉంది: "మాడుతుందేమోనని సిమ్‌లో పెట్టి, పైన తడి ఆరాక చుట్టాను." పొరలు విడిపోవడం, రబ్బరులా అవడం, నీళ్లు కారడం, ఈ మూడూ అక్కడి నుంచే వచ్చాయి.

మన ఆమ్లెట్ లెక్క వేరు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి పోసి, ఒకవైపు కాలాక తిరగేసి, అంచులు కరకరలాడేదాకా ఉంచుతాం. ఎక్కడైనా పచ్చి కనిపిస్తే మళ్లీ పెనం మీదకి పంపిస్తారు. చేతికి పట్టిన ఆ అలవాటే ఇక్కడ అడ్డం వస్తుంది. తమగోయాకిలో పైన మెరిసే పచ్చి తడే పొరకీ పొరకీ మధ్య జిగురు. చుట్టేశాక లోపలి వేడికి ఆ తడి గట్టిపడి రెండు పొరల్నీ పట్టుకుంటుంది. అది పెనం మీదే ఆరిపోతే ఇక పట్టుకోవడానికి ఏమీ మిగలదు, చాప చుట్టినట్టు చుట్ట మాత్రం అవుతుంది.

నీళ్ల సంగతీ ఇంతే. తెల్లసొన 60 డిగ్రీలు దాటాక చిక్కబడటం మొదలై, 80 దగ్గరికి వచ్చేసరికి బాగా గట్టిపడుతుంది. పచ్చసొన 65, 70 మధ్యలో గడ్డకడుతుంది. అంతవరకూ ప్రొటీన్లు వలలా అల్లుకుని నీటిని తమలో పట్టి ఉంచుతాయి. ఆ తర్వాత కూడా వేడి తగులుతూ ఉంటే వల బిగుసుకుని నీటిని పిండేస్తుంది. సిమ్‌లో పెడితే మెల్లగా, మెత్తగా ఉడుకుతుందని అనిపిస్తుంది కానీ పలుచని పొర మీద జరిగేది వేరు. ఒక్కో పొర నిమిషం, నిమిషంన్నర పెనాన్ని అంటిపెట్టుకుని ఉండాల్సి వస్తుంది. నాలుగు పొరలు అయ్యేసరికి మొదటి పొర ఎంతసేపు వేడిలో ఉన్నట్టో లెక్కేసుకోండి. ఇజకాయాలో 3 గుడ్ల ఆమ్లెట్ మొత్తం మూడు నాలుగు నిమిషాల్లో ప్లేట్లోకి వెళ్లిపోయేది.

కాబట్టి మంట మధ్యస్థంగా పెట్టి, ఇక నాబ్ జోలికి వెళ్లకండి. వేడి ఎక్కువైందనిపిస్తే పెనాన్ని మంట మీంచి నాలుగు వేళ్ల ఎత్తు పైకి లేపండి, తక్కువైతే దించండి. నాబ్ తిప్పితే పెనం చల్లబడటానికి టైమ్ పడుతుంది, ఈలోపు గుడ్డు ఆగదు. పెనం ఎత్తితే తేడా వెంటనే తెలుస్తుంది. ఇజకాయాలో పెద్ద వంటవాడు ఎడమ చెయ్యి పిడి మీంచి తీయగా నేను చూడలేదు.

పెనం సరిగ్గా కాగిందో లేదో చూడటానికి చాప్‌స్టిక్ కొనని గుడ్డులో ముంచి పెనం మీద చిన్న గీత గీయండి. గీత వెంటనే చిన్న చప్పుడుతో గట్టిపడాలి, రంగు మాత్రం పసుపే ఉండాలి. చప్పుడు లేకుండా నెమ్మదిగా పరుచుకుంటే ఇంకా కాగాలి. గోధుమరంగుకి తిరిగితే ఎక్కువ కాగింది, తడి గుడ్డ మీద ఒక్క క్షణం ఆనించండి. మీకు పడిన ముదురు మచ్చల్లో సగం నూనె వల్ల వచ్చినవే అయ్యుంటాయి. నూనె పోసి వదిలేస్తే ఒకచోట మడుగు కట్టి, అక్కడ గుడ్డు వేగిపోతుంది. కిచెన్ టిష్యూని నాలుగు మడతలు పెట్టి, నూనెలో అద్ది, పెనం అంతా, అంచుల గోడలతో సహా పలుచగా తుడవండి. ప్రతి పొరకీ ముందు ఇలాగే. దోశ పెనానికి రుద్దినట్టు ఉల్లిపాయ ముక్కతో మాత్రం రాయొద్దు, ఆ ఘాటు గుడ్డుకి పట్టేస్తుంది.

ఇప్పుడు ఒక్క పొర ఎలా నడవాలో దగ్గర్నుంచి చెప్తాను, మిగతావన్నీ దాని నకళ్లే. గుంట గరిటెతో ఒక గరిటె, అంటే 50 మిల్లీలీటర్ల లోపు, పోసి వెంటనే పెనం వంచి అంతా పరవండి. స్స్‌మని చప్పుడు రావాలి. ముందు అంచులు తెల్లబడతాయి, రెండు మూడు చోట్ల బుడగలు ఉబ్బుతాయి. వాటిని చాప్‌స్టిక్ కొనతో పొడిచేయండి, లేకపోతే కోసినప్పుడు లోపల ఖాళీలు కనిపిస్తాయి. పదిహేను, ఇరవై సెకన్లలో అడుగు పట్టుకుంటుంది, పైన మాత్రం ఇంకా జారుతూ మెరుస్తుంటుంది. పెనం కాస్త వంచితే పైతడి పారకుండా బరువుగా కదలాలి. చుట్టాల్సింది సరిగ్గా అప్పుడే. పెనం ఎత్తి, అవతలి అంచు నుంచి మీవైపు మూడు మడతల్లో తెచ్చేయండి. చిరిగినా, వంకర పోయినా పట్టించుకోకండి, మొదటి చుట్ట మధ్యలో దాక్కునేదే. ఇజకాయాలో అయితే మొదటి పొరని దాదాపు గుడ్డు పొరటు చేసినట్టు కలిపి ఒక పక్కకి నెట్టేసేవాళ్లు.

చుట్టని అవతలి అంచుకి తోసి, ఖాళీ అయిన చోట నూనె తుడిచి, మళ్లీ గరిటెడు పోయండి. వీడియోల్లో కనిపించి కూడా చాలామంది వదిలేసే పని ఇక్కడ ఉంది. చుట్టని చాప్‌స్టిక్‌తో కొద్దిగా పైకెత్తి, పెనం అటువైపు వంచి, పచ్చి గుడ్డు దాని కిందకి పారేలా చెయ్యాలి. కింద పారిన గుడ్డే పాత చుట్టనీ కొత్త పొరనీ కలుపుతుంది. అలా పారించకపోతే చుట్టూ ఎన్ని పొరలు వేసినా మధ్యలో ముద్ద విడిగానే ఉండిపోతుంది. తర్వాత మళ్లీ బుడగలు పొడవడం, తడి ఉండగానే చుట్టడం. 3 గుడ్లకి నాలుగు పొరలు వస్తాయి. చాప్‌స్టిక్స్ అలవాటు లేకపోతే సన్నటి చెక్క అట్లకాడ చాలు, స్టీలుది నాన్‌స్టిక్ మీద వాడొద్దు. మీవైపుకే చుట్టాలని రూలేం లేదు. క్యోటోలో వంటవాళ్లు చాలామంది ఇవతల నుంచి అవతలికి చుడతారు. చేతికి ఏది వీలైతే అది.

దించాక వెదురు చాపలో, అది లేకపోతే రెండు పొరల కిచెన్ టిష్యూలో చుట్టి, చేతులతో నలుచదరంగా ఒత్తి ఐదు నిమిషాలు వదిలేయండి. లోపల మిగిలిన తడి ఆ వేడికే ఉడుకుతుంది, పొరలు సర్దుకుంటాయి. వంకర టింకరగా వచ్చినవి కూడా ఇక్కడ సరిపోతాయి. వేడి మీదే కోస్తే మాత్రం ఎంత బాగా చేసినా నీరు కారుతుంది.

గుడ్డు కలపడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నురగ రాకూడదు. నురగ అంటే గాలి, గాలి అంటే బుడగలు. విస్క్ పక్కన పెట్టి, చాప్‌స్టిక్స్ గిన్నె అడుక్కి ఆనించి, ఎడమా కుడీ కోసినట్టు కదపండి. తెల్లసొన ముద్దలు చాప్‌స్టిక్‌తో ఎత్తి తెంపండి. ఆ తర్వాత టీ వడగట్టులో వడగడితే తెల్లటి చారలు రావు. ఇంట్లో తినడానికైతే వడగట్టే పని నేనూ మానేస్తాను, పిల్లలకి చారలతో పేచీ లేదు.

ఇక ద్రవం. వీడియోలో 3 గుడ్లకి ఎంత చెప్పారో మీరూ అంత పోశారు. అక్కడ ఒక చిక్కుంది. జపాన్‌లో గుడ్లు సైజు కట్టి అమ్ముతారు, ఎల్ సైజు అంటే పెంకుతో 64 నుంచి 70 గ్రాములు. మన దగ్గర కొట్లో దొరికేది 50, 55 గ్రాములు ఉంటే గొప్ప. పెంకు తీస్తే ఒక్కోదానికి పది గ్రాముల పైనే తేడా. అంటే మీ 3 గుడ్లు వాళ్ల రెండున్నర గుడ్లు. అదే కొలత ద్రవం పోస్తే పల్చనై చుట్టలేకపోవడం, నీరు ఊరడం మామూలే. మన గుడ్లు 3 తీసుకుంటే మొదట్లో ద్రవం 30 మిల్లీలీటర్లు, అంటే రెండు టేబుల్ స్పూన్లు చాలు. చెయ్యి తిరిగాక 40, 45 దాకా వెళ్లొచ్చు. ఎక్కువ పోసే రోజున అర టీస్పూను కార్న్‌ఫ్లోర్ ఆ చల్లటి ద్రవంలో ముందే కలిపి పోస్తే నీటిని పట్టి ఉంచుతుంది. ఇక్కడ బంగాళాదుంప పిండి వాడతారు, పని ఒకటే.

పాలు పోస్తే మెత్తదనం వస్తుంది, తమగోయాకి రుచి రాదు. ఆ రుచి దాషిది. కొంబు అనే సముద్రపు నాచు, ఉడికించి పొగబెట్టి ఎండబెట్టిన బొనీటో చేప తరుగు, ఈ రెండూ వేసి తీసిన తేట నీళ్లే దాషి. కొంబు రుచికి మూలం గ్లుటమేట్ అని 1908లో టోక్యో ప్రొఫెసర్ కికునాయె ఇకెడా తేల్చాడు. మనం అజినోమోటో అని పిలిచే పొడి పుట్టింది అక్కడే. ఎండు బొనీటోలో ఉండే ఇనోసినేట్ సంగతి 1913లో ఆయన శిష్యుడు షింతారో కొదామా బయటపెట్టాడు. ఆ రెండూ కలిసినప్పుడు నాలుక మీద రుచి విడివిడిగా ఉన్నప్పటికంటే చాలా రెట్లు గట్టిగా తగులుతుంది. అందుకే ఉల్లీ మిర్చీ లేని ఈ ఆమ్లెట్ చప్పగా అనిపించదు.

దాషి కాచడం టీ పెట్టడం కంటే పెద్ద పనేం కాదు. అర లీటరు నీళ్లలో 5 గ్రాముల కొంబు అరగంట నానబెట్టి, సన్నగా కాచి, మరగబోయే ముందు కొంబు తీసేయాలి, మరిగితే జిగురు, చేదు దిగుతాయి. స్టవ్ ఆపి 10 గ్రాముల చేప తరుగు వేసి, అది అడుక్కి దిగాక పిండకుండా వడగట్టాలి. మిగిలింది ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టిస్తే, ఆమ్లెట్ చేసినప్పుడల్లా రెండు క్యూబులు కరిగించుకుంటే సరి. గుడ్లలో పోసేటప్పుడు చల్లగా ఉండాలి, వేడిగా పోస్తే గిన్నెలోనే గడ్డలు కడుతుంది.

హైదరాబాద్‌లో ఆన్‌లైన్‌లో కొంబు, రెడీమేడ్ దాషి పొడి దొరుకుతున్నాయి. పొడి వాడితే 30 మిల్లీలీటర్ల నీటికి పావు టీస్పూను చాలు, అందులో ఉప్పు చాలా ఉంటుంది కాబట్టి వేరే ఉప్పు వద్దు. చేప వద్దనుకునేవాళ్లు ఎండు షిటాకే పుట్టగొడుగులు రెండు మూడు రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టి ఆ నీళ్లు పోసుకోవచ్చు, రంగు కొంచెం ముదురుతుంది. ఎండు రొయ్యల నీళ్లు పోస్తే ఎలా ఉంటుందని మా అక్క అడిగింది. బాగానే ఉంటుంది, కాకపోతే రుచి నేరుగా గోదావరి జిల్లాలకి వెళ్లిపోతుంది. చికెన్ క్యూబు మాత్రం వద్దు. ఏదీ లేకపోతే మంచినీళ్లు, చిటికెడు అజినోమోటో, నాకు అభ్యంతరం లేదు.

రుచి దగ్గర ఒసాకాకీ టోక్యోకీ పడదు. ఒసాకా, క్యోటో వైపు దాషి ఎక్కువ, తీపి నామమాత్రం, గోధుమ మచ్చ పడనివ్వరు. దీన్ని దాషిమాకి అంటారు. క్యోటో నిషికి మార్కెట్‌లో ఇవి చేసి అమ్మే కొట్లే ఉన్నాయి. టోక్యోలో పంచదార దండిగా వేసి, పైన లేత గోధుమరంగు రానిస్తారు. త్సుకిజి చేపల మార్కెట్ 2018లో తొయోసుకి మారినా బయటి వీధుల్లోని కొట్లు అక్కడే ఉన్నాయి. వాటిలో రాగి పెనాలు వరసగా పెట్టి ఒకే మనిషి అన్నిటినీ తిప్పుతుంటాడు, పుల్లకి గుచ్చిన వేడి ముక్క చేతికిస్తారు. మొదటిసారి తిన్న మనవాళ్లు "ఇదేంటి, ఆమ్లెట్ స్వీటా?" అని మొహం పెడతారు. నా ఓటు ఒసాకాకే, పిల్లల ఓటు టోక్యోకి.

కొలతలు రాసుకోండి, రెండిటికీ మన గుడ్లు 3. ఒసాకా రకానికి దాషి 30 నుంచి 40 మిల్లీలీటర్లు, సోయా సాస్ అర టీస్పూను, ఉప్పు చిటికెడు, పంచదార అర టీస్పూను. టోక్యో రకానికి దాషి ఒక టేబుల్ స్పూను, పంచదార ఒకటిన్నర టేబుల్ స్పూన్లు, సోయా సాస్ అర టీస్పూను, ఉప్పు చిటికెడు. సోయా సాస్ జపాన్ రకానిదే వాడండి. ఫ్రైడ్ రైస్‌లో వేసే నల్లటి చిక్కటి సాస్ వేస్తే గుడ్డు బురద రంగుకి వస్తుంది. మిరిన్, అంటే వంటకి వాడే తియ్యటి బియ్యపు సారా, దొరికితే ఒక టీస్పూను, దొరక్కపోతే దిగులేం లేదు. పంచదార ఎక్కువ ఉన్నది త్వరగా రంగు తిరుగుతుంది, దానికి పెనం ఎక్కువసార్లు ఎత్తాల్సి వస్తుంది. మొదలుపెట్టడానికి మాత్రం టోక్యో రకమే తేలిక. ద్రవం తక్కువ కాబట్టి చిరగదు, పంచదార నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి చల్లారినా మెత్తగా ఉంటుంది.

పెనం విషయానికొద్దాం. ఇప్పుడే కొనకండి. అడుగు 20 సెంటీమీటర్ల గుండ్రటి నాన్‌స్టిక్ పెనంలో 3 గుడ్లు చక్కగా వస్తాయి. 24 ఉంటే పొర మరీ పలుచనై మీరు కదిలేలోపే ఆరిపోతుంది, అందులో 5 గుడ్లు చేయండి. ప్రతి పొరా పట్టుకోగానే ఎడమ, కుడి అంచుల్ని లోపలికి మడిచి పది పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలా చేసి, ఆ పైన చుట్టండి. చివర్లు కోసేస్తే ఏ పెనంలో చేశారో ఎవరూ కనిపెట్టలేరు, కోసిన ముక్కలు వంటచేసేవాళ్ల వాటా. దోశ పెనం మాత్రం కుదరదు, గోడ లేదు కాబట్టి గుడ్డు కిందకి పారించడానికి వంచితే స్టవ్ మీదకి పోతుంది.

వారానికి రెండు మూడుసార్లు చేస్తారనుకుంటే అప్పుడు కొనండి. ఇళ్లల్లో ఎక్కువగా వాడేది 13 బై 18 సెంటీమీటర్ల నాన్‌స్టిక్. మన స్టవ్ స్టాండు మీద అంత చిన్నది నిలబడుతుందో లేదో చూసుకోండి, చిన్న బర్నర్ మీద పెట్టండి. ఇండక్షన్ అయితే అడుగున అయస్కాంతం అంటుకోవాలి, అంటుకున్నా కొన్ని స్టవ్‌లు చిన్న పెనాన్ని గుర్తించవు. హోటళ్లలో వాడే రాగి పెనం చూసి ముచ్చటపడొద్దు. వేడి అంతటా సమానంగా పాకుతుంది, నిజమే. కానీ లోపల ఉండేది తగరం పూత, మన ఇత్తడి గిన్నెలకి వేయించే కళాయే. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ఖాళీ పెనం మంట మీద పెట్టి ఫోన్ ఎత్తితే కళాయి పోయినట్టే.

నీచు వాసన వస్తుందని ఇంట్లోవాళ్లు అన్నారట. గుడ్డు తాజాదైతే ఇందులో పెద్దగా రాదు. వస్తే మిరిన్ కానీ, సన్నగా తరిగిన ఉల్లికాడలు కానీ సాయం చేస్తాయి. నూనె సన్‌ఫ్లవర్ లాంటి వాసన లేనిది వాడండి. ఉల్లిపాయ ముక్కలు వద్దు, పొర చిరుగుతుంది. పక్కన ముల్లంగి తురిమి, నీరు పిండి, రెండు చుక్కల సోయా సాస్ వేసి పెట్టుకుంటే ఒసాకా రకానికి అంతకు మించిన జోడీ లేదు.

బాక్సులోకి భేషుగ్గా పెట్టొచ్చు, అయితే టోక్యో రకమే. హోటల్లో లోపల కొంచెం జారుగా వదిలేస్తారు. ఇక్కడ గుడ్లు పచ్చివి తినడానికి వీలుగా కడిగి, తనిఖీ చేసి, తేదీ వేసి అమ్ముతారు కాబట్టి వాళ్లకి చెల్లుతుంది. మన గుడ్లతో, అందులోనూ మధ్యాహ్నం దాకా బాక్సులో ఉండేదానికి, ఆ పని చేయొద్దు. చివరి పొర చుట్టాక పెనం మీదే నాలుగు వైపులా అర నిమిషం చొప్పున ఒత్తి కాల్చండి, కోసి మధ్యలో జారు లేదని చూడండి. ఆవిరి మొత్తం పోయి పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి, వేడిగా మూసేస్తే చెమ్మ పట్టి త్వరగా పాడవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే చిన్న ఐస్ ప్యాక్ పక్కన పెట్టండి, లేదా ఆ రెండు నెలలూ దీన్ని ఇంట్లో టిఫిన్‌కే ఉంచుకోండి.